మైదానం నడుమ చెప్పిన మాట

కన్నారావు పొడగరి కాదు. పరుగులో కూడా జట్టులో అతనికన్నా చురుకైనవాళ్లు నలుగురైదుగురు ఉండేవారు. అయినా ఎనభైల్లో రంగూన్‌లో ఫుట్‌బాల్ చూసినవాళ్లెవరిని అడిగినా కో కన్నా పేరు చెప్పకుండా ఉండరు. బంతి తన కాలి దగ్గరికి రాకముందే అది ఎవరి దగ్గరికి పోవాలో అతనికి తెలిసిపోయేది. మైదానం నడుమ నిలబడి అటు చూస్తూ ఇటు తోసేవాడు. ఎదుటి జట్టువాళ్లు తేరుకునేసరికి బంతి వాళ్ల గోలు ముందుండేది.

తాత వీరన్న కళింగపట్నంలో ఓడెక్కి వచ్చి సేక్కాన్ రేవులో బస్తాలు మోసినవాడు. తండ్రి కూడా ఆ జెట్టీ మీదే పని చేసి, అక్కడే నడుం పోగొట్టుకున్నాడు. మధ్యాహ్నం పని ఆగినప్పుడు బర్మా కూలీలు గుండ్రంగా నిలబడి, పేముతో అల్లిన బంతిని కింద పడనివ్వకుండా కాళ్లతో ఎగరేస్తూ చిన్‌లోన్ ఆడేవారు. ఆ వలయంలోనే కన్నారావుకు కాలు కుదిరింది. అందులో గెలుపూ ఓటమీ లేవు. పక్కవాడికి అందేలా ఇవ్వడమే ఆట. తర్వాత తోలు బంతి దొరికినా అతను ఆడింది అదే ఆట.

ఆ రోజుల్లో ఆటగాళ్లకు ప్రభుత్వ శాఖలే కూడు పెట్టేవి. రేవులో సరుకు దించే శాఖ ఒకటి కన్నారావును గుమాస్తాగా తీసుకుంది గానీ, అతను బల్ల ముందు కూర్చున్నది తక్కువ, మైదానంలో పరుగెత్తింది ఎక్కువ. పెద్ద స్టేడియంలో మొదటిసారి బంతి అందుకున్నప్పుడు పై మెట్ల నుంచి "కలా! కలా!" అని అరిచారు. ఇండియా నుంచి వచ్చినవాళ్లను ఈసడింపుగా పిలిచే మాట అది. మరుసటి ఏడాదికి అవే మెట్ల మీంచి, బర్మా మర్యాదలో అన్న అనే "కో" చేర్చి, "కో కన్నా" అని వినిపించింది. ఇంటికొచ్చి ఆ సంగతి భార్య తాయారుతో చెబితే ఆమె నవ్వేసింది.

"ఆల్లు పిలిస్తే పిలిసినారు గానీ, నువ్వు పొంగిపోకు మావా. ఒక్క ఆట ఓడిపోతే మల్లీ పాత పేరే."

జట్టులో అతనికి ప్రాణస్నేహితుడు గోల్‌కీపర్ హ్లా ఫే. తాడిచెట్టంత మనిషి, నోట్లో ఎప్పుడూ కిళ్లీ. ఆటలకు వెళ్లొచ్చేటప్పుడు బస్సులో కన్నారావు భుజం మీద తల వాల్చి గురకపెట్టి నిద్రపోయేవాడు. అతని తల్లి డో ఓన్ మే లమ్మడా పేటలో ఒక పాత అంతస్తుల ఇంటి కింద మొహింగా అమ్మేది. చేపల పులుసులో బియ్యపు సేమియా వేసి ఇచ్చే ఆ మొహింగా తినకుండా కన్నారావు ఏ ఉదయమూ ప్రాక్టీసుకు వెళ్లలేదు. ఆమెను అతను కూడా "అమే" అనే పిలిచేవాడు. బర్మా భాషలో అమ్మ అని.

ఇక ఎదుటి పక్షంలో ఒకడున్నాడు. సైన్యం జట్టులో మైదానం నడుమ ఆడే టున్ షేన్. ఈ రెండు జట్లూ తలపడ్డ ప్రతిసారీ కన్నారావును కాచుకోవలసినవాడు అతనే. నీడలా వెంటపడేవాడు గానీ వెనక నుంచి ఎప్పుడూ కాలు పెట్టలేదు. పడిపోతే చెయ్యిచ్చి లేపేవాడు. ఒకసారి కన్నారావు మడమ బెణికితే, కాలికందిన బంతిని బయటికి తన్నేసి, అతన్ని వీపుమీద వేసుకుని గీత దాకా మోసుకెళ్లాడు. చూసినవాళ్లు నవ్వారు. సైన్యం జట్టు కోచ్ మాత్రం అతన్ని అందరి ముందూ తిట్టాడు.

ఎనభై ఎనిమిదో సంవత్సరం మొదట్లో దేశం జట్టు ఎంపిక కోసం పెట్టిన శిబిరంలో ఇద్దరికీ ఒకే గది దొరికింది. బయట ఎప్పుడూ కలవని మనుషులు అక్కడ మాట్లాడుకున్నారు.

"నువ్వు నిజంగా సైనికుడివేనా?" అని కన్నారావు అడిగాడు.

"యూనిఫాం ఫోటో కోసం వేసుకుంటాను" అన్నాడు టున్ షేన్ నవ్వుతూ. "శిక్షణ అయిపోయాక తుపాకీ ముట్టుకుంటే ఒట్టు. బంతి ఆడేవాళ్లను డ్యూటీలకు పంపరు."

కన్నారావు అది నమ్మాడు. టున్ షేన్ కూడా నమ్మే చెప్పాడు.

ఆ శిబిరం పూర్తి కాలేదు. విద్యార్థుల గొడవలు మొదలయ్యాయి. పోలీసులు, కర్ఫ్యూలు, మూసిన కాలేజీలు. ఆగస్టులో ఊరికి ఊరే వీధుల్లోకి వచ్చింది. డాక్టర్లు, టీచర్లు, రైలు ఉద్యోగులు, భిక్షువులు, చివరికి ప్రభుత్వ శాఖలే తమ బోర్డులు మోసుకుంటూ నడిచాయి. రేవు శాఖ జట్టు కూడా ఆట చొక్కాలు వేసుకుని బయల్దేరింది.

తాయారు గుమ్మానికి అడ్డం నిలబడింది. "ఎల్లొద్దు మావా. ఏటైనా అయితే మొట్టమొదలు కనపడేది మన మొకాలే. పరాయోల్లకు ఇందులో ఏటి పని అంతారు."

"నేను పరాయోన్ని కాదే" అన్నాడు కన్నారావు. "ఈ ఊల్లోనే పుట్టినాను కదేటి."

"అది నువ్వు అనుకుంతే సాలదు."

కానీ ఆ రోజు సూలే పగోడా వైపు నడుస్తున్నప్పుడు మేడల మీంచి ఆడవాళ్లు పూలు విసిరారు. మంచినీళ్లు ఇచ్చారు. ఎవరో కుర్రవాళ్లు అతన్ని గుర్తుపట్టి భుజాల మీదికెత్తుకున్నారు. "మన కో కన్నా! మన కో కన్నా!" అన్నారు. ఆ "మన" అన్న మాటను అతను లోలోపలే మళ్లీ మళ్లీ అనుకున్నాడు. కింద నడుస్తున్న హ్లా ఫే కిళ్లీ పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ, "దింపండ్రా, మనిషి తేలికే గానీ ఆట బరువైనది" అని అరిచాడు.

సెప్టెంబరులో ఒక సాయంకాలం రేడియోలో సైనిక సంగీతం మొదలైంది. తర్వాత ప్రకటన వచ్చింది. అధికారాన్ని సైన్యం తన చేతుల్లోకి తీసుకుంది, అయిదుగురికి మించి గుమిగూడకూడదు, రాత్రి కర్ఫ్యూ. మర్నాడు జనం అయినా బయటికి వచ్చారు. కన్నారావూ, హ్లా ఫే కూడా వచ్చారు. పొద్దుటి వెలుగులో అది మామూలు రోజులాగే ఉంది. లమ్మడా దాటి నది వైపు రోడ్డు మలుపు తిరిగేసరికి ఎదురుగా సైనికులు వరుస కట్టి కనిపించారు. ముందు వరస మోకాలి మీద, వెనక వరస నిలబడి.

జనం ఆగారు. కాల్చరు అని ఎవరో అన్నారు. కన్నారావు చూపు అలవాటు కొద్దీ వరసలో ఖాళీ ఎక్కడుందా అని వెతికింది. ఎడమ చివర నుంచి కుడికి సాగిన ఆ చూపు ఒక ముఖం దగ్గర ఆగిపోయింది.

ఇనప టోపీ కింద టున్ షేన్.

కన్నారావుకు మొదట నవ్వొచ్చింది. అది నిజం. తర్వాత ఎన్నోసార్లు తలుచుకుని సిగ్గుపడినా, ఆ క్షణంలో అతనికి వచ్చింది నవ్వే. ఫోటో కోసం వేసుకుంటానన్న యూనిఫాం అది. తెలిసినవాడు ఉన్నాడు కదా, ఇంకేం భయం అనిపించింది. చెయ్యెత్తాడు కూడా. టున్ షేన్ కళ్లు అతన్ని చూశాయి. చూసి, పెద్దవయ్యాయి. పెదవులు ఏదో అన్నాయి. ఆ మాట వినిపించేలోపు తుపాకులు పేలాయి.

అది ఆట అయితే అతను ముందే కనిపెట్టేవాడు. ఇక్కడ ఏమీ అర్థం కాలేదు. మనుషులు కూర్చుంటున్నారేమిటి అనుకున్నాడు. పక్కన హ్లా ఫే గోలు దగ్గర బంతిని పట్టినట్టు పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని ఒరిగిపోయాడు. కన్నారావు చొక్కా భుజం తడిసింది. వంగి పట్టుకోబోతుంటే వెనక నుంచి వచ్చిన జనం అతన్ని ఈడ్చుకుపోయారు. అతని కాళ్లు కూడా వాళ్లతోపాటు పరుగెత్తాయి. ఏదో ఇంటివాళ్లు తలుపు తెరిచి లోపలికి లాగి మళ్లీ గడియ పెట్టారు. తలుపు సందులోంచి చూస్తే సైన్యం లారీ ఒకటి వెనక్కి వెనక్కి వచ్చి ఆగింది. ఎవరిని ఎక్కిస్తున్నారో పొగలో తెలియలేదు.

చప్పుడు సద్దుమణిగాక బయటికి వచ్చిన కన్నారావు ఆ మలుపు దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఎవరూ లేరు. ఫైర్ ఇంజన్ ఒకటి గొట్టంతో రోడ్డు కడుగుతోంది. ఎండకు తడి అప్పుడే ఆరుతోంది. గొట్టం పట్టుకున్నవాడు తలెత్తకుండా, "వెళ్లిపో తమ్ముడూ, వెళ్లిపో" అన్నాడు.

అతను ఇల్లు చేరగానే తాయారు చొక్కా విప్పి, మరకలు చూసి, ఒళ్లంతా తడిమింది. దెబ్బ ఎక్కడా లేదు.

"ఇది ఎవుల్ది మావా? ఎవుల్ది ఈ రకతం?"

అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అన్నం కలిపి నోటికి అందిస్తే తిన్నాడు. డో ఓన్ మే వెతుక్కుంటూ ఆ గుమ్మంలోకి వచ్చినప్పుడు గానీ అతని గొంతు పెగల్లేదు.

"పడిపోయాడు అమే" అన్నాడు. "నేను చూశాను. తర్వాత చూడలేదు."

అతన్నేమీ అనకుండా ఆమె చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ ఆసుపత్రిలో లేడు. ఇంకో ఆసుపత్రిలో లేడు. జైలు గేటు దగ్గర అడిగితే తుపాకీ ఊపి పొమ్మన్నారు. పోయినవాళ్ల పేరిట ఏడో రోజున భిక్షువులకు అన్నం పెట్టాలి. కొడుకు పోయాడని ఎవరూ చెప్పనప్పుడు ఆ తల్లి ఎలా పెడుతుంది? పెడితే చంపుకున్నట్టు. పెట్టకపోతే, ఒకవేళ పోయి ఉంటే, దారి చూపనట్టు. ఆమె రోజూ మొహింగా వండుతూనే ఉంది. తెలిసినవాళ్లు వచ్చి తిని, ఏమీ అడక్కుండా వెళ్లిపోయేవారు.

ఊరు మూసుకుపోయింది. విమానాలు దాదాపు రావడం మానేశాయి. బయటి దేశాల పేర్లు రేడియోలో వినపడడమే గానీ అక్కడి మనుషులెవరూ కనిపించేవారు కాదు. టీకొట్టుల్లో మాట్లాడేవాళ్లు ముందు పక్కబల్ల చూసుకుని, తర్వాత మాట్లాడకుండానే లేచిపోయేవారు. శాఖలో ఊరేగింపులో నడిచినవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి ప్రశ్నించారు. జట్టులో సగంమంది లేరు. కొందరు సరిహద్దు అడవుల్లోకి పోయారన్నారు, కొందరు లోపల ఉన్నారన్నారు. కన్నారావును ఒక అధికారి చూసి, "నీకెందుకయ్యా ఈ దేశం గొడవ? నీ తాత ఎక్కడి నుంచి వచ్చాడో తెలుసా?" అని మాత్రం అడిగి పంపేశాడు. మేడల మీంచి పూలు విసిరిన చేతులు గుర్తొచ్చాయి కన్నారావుకు.

చలికాలం దాటాక ఆటలు మళ్లీ పెట్టాలని పై నుంచి హుకుం వచ్చింది. ఊరు మామూలుగా ఉందని చూపించాలి. మొదటి ఆటే రేవు శాఖకూ, సైన్యం జట్టుకూ.

తాయారు అన్నయ్య చంద్రరావుకు పబేడాన్‌లో తాళ్లు, వలలు అమ్మే దుకాణం ఉంది. ఆయన ఇంటికి వచ్చి చెప్పాడు. "బావా, నీకు జొరమని సెప్పీ. ఆ ఆట ఆడితే సంపినోల్లతో సెయ్యి కలిపినట్టు."

"ఆడతాను" అన్నాడు కన్నారావు.

తాయారు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నీకేటి పిచ్చి మావా? ఆల్లతోటా?"

"ఆడు ఆ వరసలో ఉన్నాడే. హ్లా ఫేని ఎక్కడికి పట్టుకెల్లినారో ఆడికి తెల్సుంతాది. బయట అడగనేను. టీకొట్లో అడగనేను. ఆల్ల బ్యారక్కుల్లోకి ఎల్లనేను. మైదానం నడుమ అయితే పక్కన ఇంకెవుడూ ఉండడు."

తాయారు ఇంక అడ్డు చెప్పలేదు.

స్టేడియం నిండింది. ఆఫీసుల నుంచి లారీల్లో తెచ్చి కూర్చోబెట్టిన మనుషులు, ఎవరో చెయ్యి ఊపితే చప్పట్లు కొడుతున్నారు. ఒక్క అరుపూ లేదు. కో కన్నా అనీ లేదు, కలా అనీ లేదు. అన్ని వేల మంది ఉన్నచోట అంత నిశ్శబ్దం కన్నారావు ఎన్నడూ వినలేదు. హ్లా ఫే ఉండాల్సిన గోలులో ఎవరో కొత్తవాడు చేతులు రుద్దుకుంటున్నాడు.

టున్ షేన్ బాగా చిక్కిపోయాడు. చేతులు కలిపే వేళ తల వంచుకున్నాడు. ఆట మొదలయ్యాక కూడా దూరదూరంగా ఉన్నాడు. కన్నారావు కావాలనే బంతి పట్టుకుని అతని మీదికి వెళ్లాడు.

"హ్లా ఫే ఎక్కడ?"

టున్ షేన్ బంతి లాక్కుని తన్నేసి పోయాడు.

మళ్లీ ఇద్దరూ దగ్గరపడ్డప్పుడు అడిగాడు. "వాళ్లమ్మ అన్నం పెట్టలేకపోతోంది. ఉన్నాడా, లేడా? ఒక్క మాట చెప్పు."

టున్ షేన్ పక్కకు తప్పుకుని పరుగెత్తాడు. సగం ఆట అయిపోయింది. విరామంలో కన్నారావు నీళ్లు కూడా తాగలేదు. ఇక చెప్పడనుకున్నాడు. రెండో సగం మొదలై కొంతసేపయ్యాక టున్ షేన్ తనంతట తానే వచ్చి, పాత రోజుల్లోలాగా భుజం తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు. బంతి అటు చివర ఎక్కడో ఉంది. అతను అటే చూస్తున్నాడు. పెదవులు కదిలీ కదలనట్టున్నాయి.

"వెతకొద్దు. లేడు. ఊరి చివరి శ్మశానానికి తీసుకెళ్లి అందరినీ కలిపి తగలబెట్టేశారు."

కన్నారావుకు ఈ మాట వస్తుందని తెలుసు. నెలల తరబడి సిద్ధపడే ఉన్నాడు. బంతి ఇటు వచ్చింది, ఇద్దరూ పరుగెత్తారు, బయటికి పోయింది, మళ్లీ పక్కపక్కన నిలబడ్డారు.

"నువ్వు తుపాకీ కాల్చావా?"

"కాల్చాను. ముందు పైకి. తర్వాత మా వెనక ఆఫీసర్ వచ్చి నిలబడ్డాడు."

"అతన్ని నువ్వేనా?"

"తెలీదు కో కన్నా. ఒట్టు, తెలీదు." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "లారీలోకి ఎత్తింది మాత్రం నేనే. కిళ్లీ పళ్లు చూసి గుర్తుపట్టాను. నా చెయ్యి పట్టుకున్నాడు."

కన్నారావుకు అర్థం కాలేదు. "నువ్వు పట్టుకున్నావా?"

"కాదు. అతను పట్టుకున్నాడు. గట్టిగా. బతికే ఉన్నాడు. ఆఫీసర్‌కు చెప్పాను. ఎక్కించు అన్నాడు. ఆ లారీ ఇంకెక్కడా ఆగలేదు."

ఎవరో "కో కన్నా, బంతి!" అని అరిచారు. బంతి నేరుగా అతని పాదం దగ్గరికి వచ్చింది. పాదాన్ని తాకి, పక్కకు దొర్లి, మెల్లగా వెళ్లిపోయింది. కన్నారావు కదల్లేదు. చేతులు వేలాడుతున్నాయి. మైదానం, మెట్లు, ఆకాశం అన్నీ తెల్లగా అయిపోయాయి. బతికే ఉన్నాడు అన్న మాట ఒక్కటే చెవుల్లో ఉంది. ఊరి చివర, అందరినీ కలిపి. బతికే ఉన్నాడు. గొంతులోంచి ఏదో పైకి తన్నుకొస్తోంది, ఇంకో క్షణంలో అది అరుపై పడుతుంది. మెట్ల ముందు వరసలో నల్ల కళ్లద్దాల నిఘా మనుషులు ఇటే చూస్తున్నారు.

టున్ షేన్ వెనక నుంచి వచ్చి, బంతి లేని అతని కాలి మీద బలమంతా పెట్టి తన్నాడు.

ఎముక విరిగిన చప్పుడు గీత దగ్గరున్న కోచ్‌కు కూడా వినిపించిందట. కన్నారావు పచ్చిక మీద పడి అరిచాడు. ఎంతసేపు అరిచాడో, ఎంత ఏడ్చాడో, అందరూ చూశారు. దెబ్బ బాధ అనుకున్నారు. ఆ రోజు మొట్టమొదటిసారి మెట్ల మీద మనుషులు చెయ్యి ఊపేవాడితో పని లేకుండా తమంతట తాము లేచి నిలబడి, టున్ షేన్‌ను బూతులు తిట్టారు. రిఫరీ అతన్ని బయటికి పంపేశాడు. ఎప్పుడూ వెనక నుంచి కాలు పెట్టని మనిషి తల వంచుకుని నడుచుకుంటూ వెళ్లాడు. కన్నారావును స్ట్రెచర్ మీద మోసుకుపోయారు.

ఆ కాలు అతుక్కుంది గానీ పెద్ద ఆట ఆడే కాలు కాలేదు. కో కన్నా ఆట అలా ముగిసింది. పత్రికలో నాలుగు వాక్యాలు రాశారు. ఊరంతా టున్ షేన్‌ను కసాయివాడు అంది. కన్నారావు మాత్రం కట్టు కట్టిన కాలు బారజాపుకుని ఒకటే ఆలోచించేవాడు. నన్ను కాపాడడానికి తన్నాడా? నోరు మూయించడానికి తన్నాడా?

చంక కర్రలతో లేచి నడవగలిగిన రోజునే లమ్మడా వెళ్లాడు. డో ఓన్ మే పొయ్యి ముందుంది.

"అమే, అన్నం పెట్టెయ్యి" అన్నాడు.

ఆమె గరిటె పక్కన పెట్టింది. "ఎవరు చెప్పారు?"

"చూసినవాడే చెప్పాడు. దహనం కూడా చేశారట."

"బాధపడ్డాడా?"

ఆ ప్రశ్న అడుగుతుందని అతనికి తెలుసు. దారి పొడుగునా జవాబు వల్లించుకుంటూనే వచ్చాడు. "లేదు అమే. పడ్డచోటే పోయాడు. ఏమీ తెలియకుండానే."

ఆమె చేతులు జోడించి చాలాసేపు కళ్లు మూసుకుంది. భిక్షువులు వచ్చిన రోజు కన్నారావు ఒంటి కాలిమీద నిలబడి వడ్డించాడు. తల్లి ముఖంలో చాలాకాలానికి నెమ్మది కనిపించింది. ఆ నెమ్మదిని చూడలేక తల పక్కకు తిప్పుకున్నాడు.

తాయారుకు మాత్రం అసలు సంగతి చెప్పాడు. మేడ మీద బట్టలు ఆరేస్తున్న ఆమె చేతిలోంచి తడి చీర జారిపోయింది. "బతికుండగానేనా? పేనముండగానేనా మావా?" అని, ఆ నేల మీదే కూలబడిపోయింది. తర్వాత వాళ్లిద్దరి మధ్యా ఆ మాట మళ్లీ రాలేదు.

ఏళ్లు గడిచాయి. ఊరి పేరును యాంగోన్ అని మార్చారు. శాఖ జట్టును రద్దు చేశారు. కన్నారావు పబేడాన్‌లో చంద్రరావు దుకాణంలో తాళ్లు కొలిచి ఇచ్చేవాడు. పాత అభిమానులు ఎవరైనా గుర్తుపట్టి కాలు ఎలా ఉందని అడిగితే బాగుందనేవాడు. స్టేడియం వైపు వెళ్లలేదు. వారానికొకసారి డో ఓన్ మే దగ్గరికి వెళ్లి, తిని వచ్చేవాడు. తినేటప్పుడు ఆమె ముఖం వైపు చూసేవాడు కాదు.

ఒక వానాకాలం మధ్యాహ్నం దుకాణం ముందు ఒక మనిషి గొడుగు ముడిచి నిలబడ్డాడు. జుట్టు సగం నెరిసింది. కన్నారావు అతన్ని గుర్తుపట్టాడు. చేతిలోని తాడు చుట్ట కింద పడి విచ్చుకుపోయింది.

"సైన్యంలోంచి బయటికొచ్చేశాను" అన్నాడు టున్ షేన్. "నదికి ఎగువన ఊళ్లో ఉంటున్నాను. వాళ్లమ్మ దగ్గరికి తీసుకెళ్తావా? ఉన్నది ఉన్నట్టు చెప్పాలి."

"ఆమెకు వేరేగా చెప్పాను. వెంటనే పోయాడని చెప్పాను."

టున్ షేన్ ముఖం పాలిపోయింది. కన్నారావు ఇన్నేళ్లూ దాచుకున్న ప్రశ్న అడిగేశాడు. "నా కాలు ఎందుకు విరగ్గొట్టావు?"

అతను వాన వైపు చూస్తూ చెప్పాడు. "నువ్వు అరిచేలా ఉన్నావు. అరిస్తే నువ్వూ పోతావు, నేనూ పోతాను. ఎవరి కోసం తన్నానో నాకే తెలీదు కో కన్నా."

కన్నారావు అతన్ని పంపించేశాడు. పంపించాడే గానీ ఇక నిలవలేకపోయాడు. ఇతను నిజం చెప్పడానికి అంత దూరం వచ్చాడు, తను రెండు వీధుల అవతల ఉండి చెప్పలేదు. ఆ వారమే లమ్మడా వెళ్లి, డో ఓన్ మే ఎదుట నేల మీద కూర్చుని, మొత్తం చెప్పేశాడు. లారీ, ఆఫీసర్, చెయ్యి పట్టుకోవడం, అన్నీ.

ఆమె అరవలేదు. అతన్ని ఎవరో తెలియనివాణ్ని చూసినట్టు చూసింది. "వెళ్లు" అంది. అతను గడప దాటగానే పట్టపగలు, పొయ్యి మీద పులుసు ఉడుకుతుండగా, తలుపు వేసేసుకుంది.

రెండు వానాకాలాలు ఆ తలుపు అతనికి తెరుచుకోలేదు. తాయారు వెళ్లి చూసి వచ్చేది. "బాగానే ఉంది. నీ పేరెత్తితే మాత్రం లేచి లోపలికెల్లిపోతంది" అని చెప్పేది.

ఒకరోజు డో ఓన్ మే తనే పబేడాన్ వచ్చింది. రద్దీ వీధిలో జనాన్ని తోసుకుంటూ వచ్చి దుకాణం మెట్టు మీద కూలబడింది. కన్నారావు మంచినీళ్లిస్తే తాగింది.

"నా కొడుకు ఒకడి చెయ్యి పట్టుకున్నాడన్నావు" అంది. "వాణ్ని తీసుకురా."

"అమే, ఎందుకు? అతను ఆ వరసలో..."

"తెలుసు. తీసుకురా. ఆ చెయ్యి చూడాలి."

కన్నారావు నది మీద లాంచీ ఎక్కి వెళ్లి, టున్ షేన్‌ను వెతికి పట్టుకున్నాడు. అతను ఒక్క మాటా అడక్కుండా వెంట వచ్చాడు. లమ్మడాలో గుమ్మం ముందు చెప్పులు విప్పేటప్పుడు మాత్రం గోడ పట్టుకున్నాడు.

డో ఓన్ మే అతని ముఖం చూడలేదు. "ఏ చెయ్యి?" అంది.

అతను కుడి చెయ్యి చాపాడు. ఆమె ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసింది. వేళ్లు ఒక్కొక్కటీ తడిమింది. తర్వాత ఆ అరచేతిని చెంపకు ఆనించుకుని కూర్చుంది. టున్ షేన్ ఏడుస్తున్నాడు. ఆమె ఏడవలేదు. కాసేపటికి ఆమె ఆ చేతిని వదిలేసి, తన చేతులు కట్టుకున్న లుంగీకి తుడుచుకుంది.

"ఇక వెళ్లు బాబూ. మళ్లీ రాకు" అంది.

క్షమించానని అనలేదు. శపించనూ లేదు. టున్ షేన్ నేలకు మూడుసార్లు మొక్కి లేచాడు. జెట్టీ దాకా ఇద్దరూ నడిచారు. లాంచీ ఎక్కేముందు టున్ షేన్ అడిగాడు, "కాలు నొస్తోందా?" అని.

"వానాకాలంలో" అన్నాడు కన్నారావు.

మళ్లీ వాళ్లు కలుసుకోలేదు. డో ఓన్ మే ఇంకా కొన్నేళ్లు బతికింది. కొడుకు పేరిట భిక్షువులకు అన్నం పెట్టే రోజున కన్నారావుకు ముందుగా కబురు చేసేది. అతను వెళ్లి వడ్డించేవాడు. ఆ తర్వాత ఆమె అతనికి గిన్నె నిండా మొహింగా పోసి, అతను తినేదాకా ఎదురుగా కూర్చునేది. హ్లా ఫే సంగతి ఇద్దరూ ఎత్తేవారు కాదు.